రోడ్డు పక్కన పడుకున్న మనిషికి ఈ రాత్రి చోటు చూపించాలంటే

నగరంలో ఫ్లైఓవర్ కింద, మూసిన దుకాణం మెట్ల మీద, బస్టాండు బల్ల మీద ఎవరో ఒకరు పడుకుని కనిపించని రాత్రి ఉండదు. చాలామంది చూసి వెళ్లిపోతారు. కొందరు ఆగుతారు, ఏదైనా చేయాలనుకుంటారు, ఎవరికి ఫోను చేయాలో తోచక చేతిలో ఉన్న బిస్కెట్ ప్యాకెట్టు ఇచ్చి కదులుతారు. ఈ మార్గదర్శి ఆ ఆగినవారి కోసం. ఊరు కాని ఊరిలో తమకే చోటు వెతుక్కుంటున్నవారికి, ఇంట్లో మనిషిని పెద్దాసుపత్రిలో చేర్పించి ఆవరణలో చెట్టు కింద పడుకుంటున్నవారికి కూడా ఇది పనికొస్తుంది.

సాయం చేయబోయి భంగపడేవారిలో ఎక్కువమంది ఒకే పని చేస్తారు. మనిషి ఎవరైనా సరే నేరుగా నైట్ షెల్టర్‌కు, అంటే ఇల్లు లేనివారికి రాత్రి బస ఇచ్చే ప్రభుత్వ వసతికి తీసుకెళతారు. పదేళ్ల పిల్లవాడినో, తనలో తాను మాట్లాడుకుంటున్న మహిళనో, లేచి నడవలేని వృద్ధుడినో తీసుకెళితే అక్కడి కేర్‌టేకర్ వెనక్కి పంపుతాడు. బయటికి వచ్చి ప్రభుత్వాన్ని తిట్టుకుంటాం కానీ, ఆ కేర్‌టేకర్ చెప్పిందే చాలాసార్లు సరైనది. పిల్లలకు ఒక చట్టం, మహిళలకు ఒక కేంద్రం, వృద్ధులకు ఒక ట్రిబ్యునల్, మానసిక రోగులకు ఇంకో చట్టం ఉన్నాయి. ఎవరిని ఏ తలుపు దగ్గరికి తీసుకెళ్లాలో తెలియడమే ఇందులో అసలు విద్య.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద 17.7 లక్షల మందిని ఇల్లు లేనివారుగా నమోదు చేశారు. వారిలో 9.38 లక్షల మంది పట్టణాల్లో ఉన్నారు. పేవ్‌మెంట్లు, హ్యూమ్ పైపులు, ఫ్లైఓవర్ల అడుగు భాగం, మెట్ల కింది జాగా, గుడి మండపాలు, రైల్వే ప్లాట్‌ఫారాలు, ఇలాంటి చోట్ల ఉండేవారినే ఆ లెక్కలోకి తీసుకున్నారు. అద్దె ఇంట్లో ఉంటూ సొంత ఇల్లు లేనివారు ఇందులోకి రారు. ప్రభుత్వ గృహ పథకాల దారి వేరు, దాని జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.

1. ముందు ఆ మనిషినే అడగండి

రోడ్డు మీద పడుకున్న ప్రతివారూ భిక్షాటన చేసేవారని అనుకోవద్దు. పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీలు, మార్కెట్ హమాలీలు, ఫంక్షన్ హాళ్లలో వడ్డనకు వెళ్లేవారు, చిత్తు కాగితాలు ఏరేవారు, ఇంట్లో గొడవపడి వచ్చినవారు, కొడుకు బస్సెక్కించి వదిలేసిన తల్లులు, అందరూ అక్కడే ఉంటారు. కొందరు ఆ చోటును కావాలనే ఎంచుకుంటారు. తెల్లవారుజామున నాలుగింటికి కూరగాయల లారీ దిగే చోట పడుకుంటేనే ఆ రోజు పని దొరుకుతుంది. రెండు కిలోమీటర్ల దూరంలోని షెల్టర్‌లో పరుపు ఉన్నా వారికి అది దండగే.

కాబట్టి నిద్రలో ఉన్నవారిని తట్టి లేపకండి. రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య, ఇంకా మెలకువగా ఉన్నప్పుడు, కాస్త దూరంలో కూర్చుని మాట్లాడండి. "బాబాయ్, భోజనం అయిందా?" అన్న పలకరింపు చాలు. ఆ తర్వాత మెల్లగా మూడు సంగతులు తెలుసుకోండి: ఒంట్లో ఎలా ఉంది, ఇక్కడ ఎన్నాళ్లుగా ఉంటున్నారు, లోపల పడుకునే చోటు చూపిస్తే వస్తారా. కులం, ఊరు, పిల్లలు ఎందుకు వదిలేశారు వంటివి మొదటి రోజు అడగాల్సినవి కావు. ఫొటో తీయకండి, వీడియో అసలే వద్దు. సాయం పేరుతో ముఖం ఊరంతా తిరిగితే ఇంటి నుంచి దెబ్బలు తప్పించుకుని వచ్చిన మహిళకు ప్రాణం మీదికి వస్తుంది.

రానంటే బలవంతం చేయవద్దు. షెల్టర్ అనగానే కొందరు బెదిరిపోవడానికి కారణం ఉంది. 2017 నవంబరులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు హైదరాబాద్‌లో భిక్షాటనను నిషేధించి, పట్టుకున్నవారిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. పేరు ఆశ్రమమే అయినా జైలు గోడ జైలు గోడే. ఆ తరలింపును చూసినవారికి, దాని గురించి విన్నవారికి "వ్యాన్ ఎక్కండి" అన్న మాట ఎలా వినిపిస్తుందో ఊహించుకోవచ్చు. అందుకే వ్యాను పిలిపించే ముందు అది ఎక్కడికి వెళుతుందో, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి రావచ్చో లేదో వారికి చెప్పండి. ఒకసారి వెళ్లి చూసి నచ్చకపోతే తిరిగి వచ్చేయవచ్చని చెబితే చాలామంది ఒప్పుకుంటారు.

ఒక్క సందర్భంలో మాత్రం వారి ఒప్పుదల కోసం ఆగకూడదు. స్పృహ లేకపోవడం, తీవ్రమైన జ్వరం, రక్తం కారడం, పురుగులు పట్టిన పుండు, ఎండలో పడి ఒళ్లు కాలిపోతూ చెమట పట్టకపోవడం, ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోను చేయండి. రోజూ తాగేవారు రెండు మూడు రోజులుగా తాగకుండా ఉండి చేతులు వణుకుతూ, లేనివి కనిపిస్తున్నట్టు మాట్లాడుతుంటే అదీ అత్యవసరమే. తాగి పడ్డాడని వదిలేయకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్పించడానికి బంధువు పక్కన ఉండితీరాలన్న నియమం లేదు. రోడ్డు ప్రమాదంలో గాయపడిన వారిని చేర్పిస్తే పోలీసు కేసు మెడకు చుట్టుకుంటుందన్న భయం కూడా అక్కర్లేదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్ సాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది. పేరు, చిరునామా చెప్పమని మిమ్మల్ని ఒత్తిడి చేయకూడదు.

2. ఎవరికి ఏ తలుపు

పద్దెనిమిదేళ్లలోపు వారు ఒంటరిగా కనిపిస్తే: 1098, అంటే పిల్లల హెల్ప్‌లైన్. ఇక్కడ ఇంకో ఆలోచనే వద్దు. ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టి రెండు రోజులు ఉంచుకోవడం మంచితనంలా కనిపిస్తుంది కానీ చట్టం దృష్టిలో నేరం కావచ్చు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం కుటుంబం నుంచి విడిపోయినట్టు కనిపించిన పిల్లల గురించి 24 గంటల్లోగా తెలియజేయాలి. తెలియజేయకపోతే శిక్ష కూడా ఉంది. 1098కి, పోలీసులకు, లేదా జిల్లాలోని బాలల సంక్షేమ సమితికి చెప్పవచ్చు. ప్లాట్‌ఫారం మీద అయితే రైల్వే రక్షణ దళం వారికి చెబితే వారే చూసుకుంటారు. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పోలీసులు తప్పిపోయిన పిల్లల కోసం ప్రత్యేకంగా గాలిస్తారు. మిగతా నెలల్లోనూ 1098 పగలూ రాత్రీ పలుకుతుంది.

హింస వల్ల ఇల్లు విడిచిన మహిళ అయితే: 181. ఆ నంబరు నుంచి జిల్లాలోని సఖి కేంద్రానికి కలుపుతారు. అక్కడ వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి. తాత్కాలికంగా ఐదు రోజుల వరకు బస ఇస్తారు. ఆడపిల్లలు ఏ వయసువారైనా తల్లితో ఉండవచ్చు, మగపిల్లలకు మాత్రం వయసు పరిమితి ఉంది. ఆ వయసు దాటిన కొడుకుతో వచ్చిన తల్లికి ఇక్కడే చిక్కు వస్తుంది. అలాంటప్పుడు కుటుంబాలకు చోటిచ్చే షెల్టర్ ఉందేమో అడగండి. ఐదు రోజులకు మించి ఉండాల్సి వస్తే శక్తి సదన్‌కు పంపమని సఖి కేంద్రంలోనే కోరండి. ఇదివరకటి స్వాధార్ గృహాలే ఇప్పుడు ఆ పేరుతో నడుస్తున్నాయి.

వృద్ధులు అయితే: 14567. ఇది ఎల్డర్ లైన్. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు పనిచేస్తుంది. వదిలేసిన వృద్ధుల దగ్గరికి మనిషిని పంపి, వృద్ధాశ్రమంలో చేర్పించే పని కూడా చేస్తుంది. పెద్దవారిని నైట్ షెల్టర్‌లో పెట్టడం ఒకటి రెండు రాత్రులకు సరే. మందులు వేసే మనిషి, బాత్రూమ్‌కు పట్టుకుని తీసుకెళ్లే మనిషి అక్కడ ఉండరు. పిల్లలు ఉండి వదిలేస్తే 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు తెల్లకాగితం మీద రాసి ఇవ్వవచ్చు. ఆ పెద్దావిడ రాయలేకపోతే ఆమె అనుమతితో మీరే ఇవ్వవచ్చు. నెలకు పది వేల రూపాయల వరకు భృతి చెల్లించమని ట్రిబ్యునల్ ఆదేశించగలదు. వృద్ధులను కావాలని వదిలేస్తే మూడు నెలల జైలు లేదా ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కేసు పెట్టాలా వద్దా అన్నది మాత్రం ఆమె నిర్ణయం. చాలామంది తల్లులు కొడుకు పేరు చెప్పడానికే ఒప్పుకోరు. వారి మీద విసుక్కోవద్దు.

మానసిక అనారోగ్యం ఉన్నట్టు కనిపిస్తే: ఇక్కడ ఎక్కువ గందరగోళం జరుగుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ఈ బాధ్యతను నేరుగా పోలీస్ స్టేషన్ అధికారి మీద పెట్టింది. తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మనిషిని ఆయన తన రక్షణలోకి తీసుకోవాలి. 24 గంటల్లోగా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి పరీక్ష కోసం తీసుకెళ్లాలి. లాకప్‌లోగానీ జైల్లోగానీ పెట్టకూడదు. ఇల్లూవాకిలీ లేని మనిషి అయితే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ నమోదు చేసి కుటుంబాన్ని వెతకాల్సిన పని కూడా ఆ స్టేషన్‌దే. అత్యవసర నంబరు 112కి ఫోను చేసినప్పుడో, స్టేషన్‌కు వెళ్లినప్పుడో "పిచ్చివాడు రోడ్డు మీద గొడవ చేస్తున్నాడు" అంటే ఒకలా స్పందిస్తారు, "100వ సెక్షన్ కింద ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన మనిషి ఉన్నాడు" అంటే ఒకలా స్పందిస్తారు. రెండోది చెప్పండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రులు అందరికీ తెలిసినవే. ఇల్లు లేనివారికి ప్రభుత్వ మానసిక వైద్య సంస్థల్లో చికిత్స పూర్తిగా ఉచితమని, అందుకు రేషన్ కార్డు కూడా అవసరం లేదని అదే చట్టంలో ఉంది. ఎలా మాట్లాడాలో తెలియక తటపటాయిస్తుంటే ముందు 14416కి చేయండి. అది టెలీమానస్, మానసిక ఆరోగ్యం మీద ఫోనులో సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ, తెలుగులో మాట్లాడతారు. మత్తు అలవాటు నుంచి బయటపడాలనుకునేవారికి 14446 ఉంది.

రోగుల వెంట వచ్చినవారు: ఆసుపత్రి ఆవరణలోనే అడగండి. హైదరాబాద్‌లో నిలోఫర్ వంటి కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల దగ్గర రోగుల సహాయకుల కోసం నగరపాలక సంస్థ షెల్టర్లు కట్టింది. బోర్డు గేటు బయట లేకపోవడంతో నెలల తరబడి వరండాలో పడుకునేవారు ఉన్నారు. ఆసుపత్రి సెక్యూరిటీ వారికి, అంతకంటే ముందు బయట టీ కొట్టు నడిపే మనిషికి తప్పకుండా తెలిసి ఉంటుంది.

ట్రాన్స్‌జెండర్లకు గరిమా గృహ పేరుతో కేంద్రం ఆశ్రయ గృహాలను నడిపిస్తోంది. వాటి సంఖ్య తక్కువ. జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగితే దగ్గరిది ఎక్కడో చెబుతారు.

వీరెవరూ కాక, ఆరోగ్యంగా ఉండి రాత్రికి చోటు మాత్రమే కావాల్సిన పురుషులు, మహిళలు, కుటుంబాలు మిగిలారు. నైట్ షెల్టర్ ఉన్నది ప్రధానంగా వీరికే.

3. షెల్టర్ ఎక్కడుందో కనుక్కోవడం

ఆహార హక్కు కోసం పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ 2001లో వేసిన కేసులో, 2010లో ఢిల్లీ చలి మరణాల నేపథ్యంలో, సుప్రీంకోర్టు పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఏడాది పొడవునా పనిచేసే షెల్టర్లు ఉండాలని చెప్పింది. ఆ తర్వాత 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ దాన్నే పథకంగా మార్చింది. లక్ష జనాభాకు కనీసం వంద మందికి సరిపడా చోటు, ఒక్కో షెల్టర్‌లో యాభై నుంచి వంద మంది, మనిషికి కనీసం యాభై చదరపు అడుగులు, ఇవీ ఆ పథకం కొలతలు. మీ ఊరి జనాభా నాలుగు లక్షలైతే ఎన్ని పరుపులు ఉండాలో మీరే లెక్క వేసుకుని, ఎన్ని ఉన్నాయో వెళ్లి చూడండి. ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ తలుపులు తెరిచే ఉండాలి. షెల్టర్ అంటే చలికాలపు ఏర్పాటన్న అభిప్రాయం ఉత్తరాది నుంచి వచ్చింది. మన దగ్గర మే నెల ఎండ, ఆగస్టు వాన చేసే హాని చలి కంటే తక్కువేమీ కాదు.

మున్సిపాలిటీలో మెప్మా విభాగం ఎక్కడని అడగండి. రెండు రాష్ట్రాల్లోనూ పట్టణ పేదరిక నిర్మూలన పనులు చూసేది అదే. హైదరాబాద్‌లో అయితే నగరపాలక సంస్థలోని యూసీడీ (అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్) విభాగం. అక్కడి సీఓకు, అంటే కమ్యూనిటీ ఆర్గనైజర్‌కు, మీ వార్డులోని ఆర్పీకి, అంటే రిసోర్స్ పర్సన్‌కు, షెల్టర్ చిరునామా, నడిపే సంస్థ పేరు, కేర్‌టేకర్ ఫోను నంబరు తెలుస్తాయి. బోర్డు మీద "పట్టణ నిరాశ్రయుల వసతి గృహం" వంటి పేరు ఉండవచ్చు. రిక్షా కార్మికులను, ఆటోవాళ్లను అడిగేటప్పుడు మాత్రం నైట్ షెల్టర్ అనే అడగండి. మ్యాప్‌లో వెతికితే దొరికేవాటిలో కొన్ని మూతపడి ఉంటాయి, కొన్ని చోటు మారి ఉంటాయి. ఫోను చేయకుండా మనిషిని వెంటబెట్టుకుని బయల్దేరవద్దు.

ఈ పని పగలు, ఎవరూ ఎదురుగా లేనప్పుడు, ఒకసారి చేసి పెట్టుకోండి. మీ ప్రాంతంలోని పురుషుల షెల్టర్, మహిళల షెల్టర్, సఖి కేంద్రం, పోలీస్ స్టేషన్ నంబర్లు ఫోనులో ఉంటే రాత్రి పదింటికి తడుముకోవాల్సిన పని ఉండదు.

4. తీసుకెళ్లే రాత్రి

కేర్‌టేకర్‌కు ముందే ఫోను చేసి వయసు, ఆరోగ్యం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చోటు దొరకదేమోనని జబ్బు దాచిపెడితే అర్ధరాత్రి ఇబ్బంది పడేది అదే గదిలో పడుకున్న మరో నలభై మంది. విడవకుండా దగ్గు, రాత్రుళ్లు జ్వరం రెండు వారాలకు మించి ఉంటే క్షయ పరీక్ష అయ్యేదాకా ఆసుపత్రిలో ఉంచడమే మేలు.

దారిలో వీలైతే స్నానం, ఉతికిన జత బట్టలు. సులభ్ కాంప్లెక్సులో ఆ పని అయిపోతుంది. ఇది షెల్టర్ వారి కోసం కాదు, కొత్తచోట పదిమంది ఎదుట తలెత్తుకుని నిలబడాలనుకునే ఆ మనిషి కోసం. సామాను ఎంత మురికిగా ఉన్నా పారేయమని అనకండి. ఆ సంచిలో పెళ్లి ఫొటో ఉండవచ్చు, ఆధార్ జిరాక్సు ఉండవచ్చు.

తలుపు దగ్గర రిజిస్టరులో పేరు, వయసు, సొంత ఊరు రాసుకుంటారు, వేలిముద్రో సంతకమో తీసుకుంటారు. ఆధార్ అడుగుతారు. లేదంటే కొందరు కేర్‌టేకర్లు పోలీస్ స్టేషన్ నుంచి చీటీ తెమ్మంటారు. గొడవ పెట్టుకోకండి, అలాగని తలూపి వెనక్కీ రాకండి. షెల్టర్ కట్టిందే ఏ కాగితమూ లేనివారి కోసం. మీ ఫోను నంబరు రాసి, "నేను తీసుకొచ్చాను, పొద్దున మళ్లీ వస్తాను, కాగితాల సంగతి చూస్తాను" అంటే నూటికి తొంభై సార్లు పని జరుగుతుంది. కేర్‌టేకర్ భయమంతా ఏదైనా జరిగితే బాధ్యత తన మీద పడుతుందనే.

లోపలికి వెళ్లి ఒకసారి చూడండి. పథకం ప్రకారం గాలి వెలుతురు, తాగునీరు, మరుగుదొడ్డి, స్నానాల గది, వండుకునే చోటు, ఉతికిన దుప్పట్లు, దోమల నివారణ, ప్రథమ చికిత్స పెట్టె, ప్రతి ఒక్కరికీ తాళం వేసుకునే అర ఉండాలి. అన్నీ ఉన్న షెల్టర్ అరుదు. కానీ రెండింటి విషయంలో రాజీ పడకండి: మహిళల గదికి లోపలి గడియ, సామానుకు తాళం. రోడ్డు మీదికి తిరిగి వెళ్లిపోయినవారిని ఎందుకు వెళ్లారని అడిగితే ఎక్కువగా వినిపించే సమాధానం దొంగతనం. చిన్న తాళం, తాళంచెవి కట్టుకోవడానికి మొలతాడులాంటి ఒక దారం ఇచ్చి రండి.

నిండిపోయిందంటే? ఆ ఒక్క రాత్రికి కింద చాప వేయమని అడగండి, లేదా మరో షెల్టర్ కేర్‌టేకర్‌కు వారి చేతే ఫోను చేయించండి. మనం చేస్తే "చూస్తాం" అంటారు, వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటే చోటు బయటపడుతుంది.

5. తిండి, ఆరోగ్యం

షెల్టర్‌లో భోజనం పెడతారని హామీ లేదు. కొన్నిచోట్ల దాతలు పెడతారు, కొన్నిచోట్ల వండుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టులో తిరిగి తెరిచిన అన్న క్యాంటీన్లలో టిఫిన్, మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం ఒక్కొక్కటి ఐదు రూపాయలు. హైదరాబాద్‌లో 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలై ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లుగా మారిన చోట్ల కూడా ధర అదే. ఆదివారం, పండుగ రోజు తెరిచి ఉంటాయో లేదో ముందే అడిగి పెట్టుకోండి. ఆ రోజుల్లో గుళ్లలో నిత్యాన్నదానం, గురుద్వారాలో లంగర్ ఆదుకుంటాయి. నగరంలో ఏ రోజు ఎక్కడ ఏం పెడతారో రోడ్డు మీద ఉండేవారికి మనకంటే బాగా తెలుసు. నిజానికి వారి దగ్గరే నేర్చుకోవాలి.

చిన్న జబ్బులకు హైదరాబాద్‌లో బస్తీ దవాఖానా, మిగతాచోట్ల పట్టణ ఆరోగ్య కేంద్రం. క్షయ అని తేలితే మందులు ఉచితం, పైగా చికిత్స సాగినన్నాళ్లూ నెలకు వెయ్యి రూపాయలు పోషకాహారం కోసం బ్యాంకు ఖాతాలో వేస్తారు. ఖాతా లేకపోతే ఆ డబ్బు ఆగిపోతుంది, ఆ దిగులుతో చికిత్స మానేసేవారూ ఉన్నారు. కాగితాల పని ఎందుకంత అవసరమో ఇక్కడ తెలుస్తుంది.

6. కాగితాలు: ఏది ముందు, ఏది తర్వాత

వరస తప్పితే తిరిగిన చోటే తిరగాలి. మొదట ఒక మామూలు ఫోను, సిమ్. సిమ్‌కు ఆధార్ కావాలి, ఆధార్ సంగతులు తెలియాలంటే ఫోను కావాలి, ఈ ముడి విప్పడానికి మొదట్లో మీ నంబరో షెల్టర్ నంబరో వాడక తప్పదు.

ఆధార్ లేదని చెప్పేవారిలో చాలామందికి నిజానికి ఆధార్ ఉంటుంది, కార్డు పోయింది అంతే. కొత్తగా నమోదు చేయిస్తే పాత వేలిముద్రలతో సరిపోలి దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది, నెల రోజులు వృథా. ముందు ఆధార్ సేవా కేంద్రానికి తీసుకెళ్లి పాత నంబరు వెతికించండి. వేళ్లు అరిగిపోయిన కూలీలకు, వృద్ధులకు వేలిముద్ర పడదు. కనుపాపతో చూడమని గట్టిగా అడగండి. సందేహాలుంటే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోను చేయండి. ఎప్పుడూ తీసుకోలేదని తేలితే, గుర్తింపు పొందిన షెల్టర్ అధిపతి నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రంతో నమోదు చేయించవచ్చు. గెజిటెడ్ అధికారి, ఎమ్మెల్యే, కార్పొరేటర్ కూడా ఇలాంటి పత్రం ఇవ్వగలరు. ఫొటో అంటించి దాని మీదుగా సంతకం, ముద్ర ఉండాలి. తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది కాబట్టి తీసుకున్న వారంలోనే వెళ్లండి. కొత్త నమోదుకు రుసుము లేదు.

బ్యాంకు ఖాతాకు ఆధార్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఏ అధికారిక పత్రమూ లేనివారికి ఫొటో, సంతకం లేదా వేలిముద్రతో చిన్న ఖాతా తెరవవచ్చు. నిల్వ యాభై వేలు దాటకూడదు, ఏడాదిలో జమయ్యే మొత్తం లక్ష దాటకూడదు, నెలకు పది వేల కంటే తీయకూడదు. మొదట ఏడాది చెల్లుతుంది, ఈలోగా పత్రాలకు దరఖాస్తు చేసినట్టు చూపితే ఇంకో ఏడాది పొడిగిస్తారు. కౌంటర్‌లో ఉన్నవారు అలాంటిది లేదంటే మేనేజరును కలవండి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లో ఉన్నదే ఇది.

సొంత ఊళ్లో రేషన్ కార్డు ఉన్నవారు ఉన్నచోటే ఏ చౌక ధరల దుకాణంలోనైనా బియ్యం తీసుకోవచ్చు. పింఛను సంగతి కాస్త తిరకాసు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నాలుగు వేల రూపాయలు నెల మొదట్లో ఇంటికి తెచ్చి ఇస్తారు. ఇల్లే లేనివారికి ఎక్కడ ఇస్తారు? వరుసగా కనిపించకపోతే పేరు ఆగిపోయే ప్రమాదం ఉంది. షెల్టర్ ఉన్న వార్డు సచివాలయానికి పింఛను బదిలీ చేయమని దరఖాస్తు పెట్టించండి.

ఓటరు కార్డును చాలామంది పనికిరానిదిగా తీసిపారేస్తారు. నా ఉద్దేశంలో ఇల్లు లేనివారికి సులువుగా దొరకగల గుర్తింపు పత్రం అదే. ఓటరు నమోదు దరఖాస్తు అయిన ఫారం 6లో పడుకునే చోటునే చిరునామాగా రాయవచ్చు. బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి, ఒకటికి మించిన రాత్రులు, ఆ మనిషి అక్కడే నిద్రిస్తున్నాడో లేదో చూసి నమోదు చేయాలని ఎన్నికల సంఘం నిబంధన. నివాస రుజువు పత్రం అడగకూడదు. పైగా ఓటున్నవారి గురించి కార్పొరేటర్ పట్టించుకుంటాడు, ఇది అనుభవంలో తేలిన సత్యం.

7. ఇంటికి పంపించడం

"ఇంటికి వెళతావా?" అన్న ప్రశ్నకు మొదటి వారం వచ్చే జవాబును నమ్మకండి, అది అవునైనా కాదైనా. ఊరి పేరు, పక్క ఊరి పేరు, సంత జరిగే వారం, గుడి పేరు, ఇవి మాటల్లో వాటంతట అవే దొర్లుతాయి. వాటితో ఆ మండలం పోలీస్ స్టేషన్‌కు ఫోను చేస్తే తప్పిపోయినవారి ఫిర్యాదు ఉందో లేదో తెలుస్తుంది. మహిళ విషయంలో ఆమె ఒప్పుకోకుండా ఆ ఫోను చేయవద్దు. మతిస్థిమితం కుదుటపడిన మనిషిని పంపేటప్పుడు కనీసం రెండు నెలల మందులు, చీటీ, ఆ జిల్లా ఆసుపత్రిలో మళ్లీ ఎవరిని కలవాలో రాసిన కాగితం తోడుగా వెళ్లాలి. మందులు ఆగితే ఆ మనిషి మళ్లీ ఏదో ఒక స్టేషన్‌లో దిగుతాడు. వేరే రాష్ట్రంలో చిక్కుకున్న తెలుగువారి కోసం వెతుకుతుంటే 112, 181, 1098, 14567 దేశమంతా పనిచేస్తాయని గుర్తుపెట్టుకోండి.

8. కాదు పొమ్మంటే

ముందు మున్సిపల్ కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. తేదీ, సమయం, షెల్టర్ పేరు, ఏ కారణం చెప్పి పంపేశారో నాలుగు వాక్యాలు చాలు, రసీదు తీసుకోండి. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో అదే కాగితం ఇంకోసారి ఇవ్వవచ్చు. కదలిక లేకపోతే 15100కి ఫోను చేసి జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి, ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. పెద్ద కేసు అక్కర్లేదు. న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఒక ఉత్తరం వెళితే మూతపడిన మరుగుదొడ్డికి మరమ్మతు మొదలవుతుంది.

9. ఏదైనా ఇద్దామనుకునేవారికి

డిసెంబరు రాగానే దుప్పట్లు పంచడం మొదలవుతుంది. ఒకే ఫ్లైఓవర్ కింద ఒకే వారంలో మూడు బృందాలు పంచుతాయి. పగలంతా మోసుకుతిరగలేక వాటిని అమ్మేస్తే "అమ్ముకుంటున్నారు" అని మళ్లీ మనమే అంటాం. ఏడాదంతా కొరతగా ఉండేవి వేరు: చెప్పులు, లోదుస్తులు, సబ్బు, శానిటరీ ప్యాడ్లు, దోమల చక్రాలు, వానాకాలంలో ప్లాస్టిక్ పట్టా, కూలీకి వెళ్లేవారికి పనిముట్లు. షెల్టర్‌కు ఇవ్వాలనుకుంటే అన్నం పొట్లాలతో హఠాత్తుగా వెళ్లకండి. కేర్‌టేకర్‌ను అడిగితే తిరగని ఫ్యాను, కారే కుళాయి, చార్జింగ్ పెట్టుకోవడానికి చాలని ప్లగ్గులు, ఇలాంటి జాబితా చెబుతాడు. ఒక ఎలక్ట్రీషియన్‌ను, ఒక ప్లంబర్‌ను ఒక పూట పంపించి కూలి మీరు ఇచ్చేయండి.